కోత బొమ్మలో అక్క

వీధిలో అందరూ అతన్ని కోతల మాస్టారు అనేవారు. పాఠాలు చెప్పే మాస్టారు కాదు. పోనీ గొప్పలకు పోయే మనిషా అంటే, నలుగురిలో నోరు విప్పడానికే మొహమాటపడే రకం. ఎక్కడా లేని అంతరిక్ష నౌకల్ని నిలువునా కోసి, లోపల ఏముందో బొమ్మ గీసి చూపించడం అతని పని. అందుకే ఆ పేరు. మొదట్లో ఆ పేరు వింటే చిన్నబుచ్చుకునేవాడు. తర్వాత తర్వాత ఎవరైనా అసలు పేరు పెట్టి పిలిస్తేనే ఉలిక్కిపడేవాడు.

వయసులో ఉన్నప్పుడు పంపుల ఫ్యాక్టరీలో డ్రాఫ్ట్స్‌మన్. పంపు బిగించే మెకానిక్కుకు లోపలి చక్రం ఎటు తిరుగుతుందో, నీళ్ళు ఎటునుంచి ఎటు వెళతాయో అర్థమయ్యేలా పైరేకు కోసినట్టు బొమ్మ వేసేవాడు. ఫ్యాక్టరీలోకి కంప్యూటర్లు వచ్చి బొమ్మల విభాగాన్ని ఎత్తేశాక, పిల్లల పుస్తకాలూ సైన్సు కథలూ వేసే ఒక ప్రచురణ సంస్థ అతన్ని పిలిచింది. వాళ్ళ సీరియల్ కథల్లో నౌకలు చాలా ఉండేవి. అవి బయటి నుంచి ఎలా ఉంటాయో పాఠకులకు తెలుసు. లోపల మనుషులు ఎక్కడ పడుకుంటారు, నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయి, చెత్త ఎటు పోతుంది, ఇంజను వేడిని ఎక్కడ వదులుతారు అని ఉత్తరాల మీద ఉత్తరాలు రాసేవాళ్ళు. వాటికి జవాబే ఈ బొమ్మల పుస్తకాలు. పెద్ద సైజు, మధ్యలో మడత విప్పితే బల్లంత వెడల్పు నౌక. పంపును కోసిన చేత్తోనే అతను నౌకనూ కోశాడు. ప్రతి గొట్టమూ ఎక్కడో మొదలై ఎక్కడో తేలాలి. ప్రతి తలుపులోంచీ మనిషి పట్టాలి. కొలత తప్పితే మాత్రం అన్నం సహించేది కాదు. లోపల ఏముందో తనకే తెలియని చోట పైరేకు ఊడదీయకుండా అలాగే వదిలేసేవాడు. ఆ కిటుకు ఇంట్లోవాళ్ళకు కూడా తెలుసు.

ఇంట్లో అతనూ, మందుల షాపులో పనిచేసే భార్యా, రెండు జడల కూతురూ, భార్య దగ్గరే ఉండిపోయిన మామగారూ, అక్కా. అక్క అతనికన్నా చాలా పెద్దది. అతన్ని చంకనేసుకుని తిరిగిన మనిషి. ఆమెకు ఒకసారి పెళ్ళయింది. కొన్నాళ్ళకు ఆ సంసారం చాలనుకుని ఒక పెట్టెతో వచ్చేసింది. ఎందుకని ఇంట్లో ఎవరూ అడగలేదు, ఆమే చెప్పలేదు. ఊళ్ళోని పెద్ద గ్రంథాలయంలో సంచుల కౌంటరు ఆమెది. లోపలికి వెళ్ళేవాళ్ళ సంచులు తీసుకుని, బిళ్ళ ఇచ్చి, తిరిగి వచ్చేటప్పుడు బిళ్ళ చూసి సంచి ఇచ్చేయడం. "చదువు లోపలికి, బరువు నా దగ్గరికి" అని నవ్వేది.

ఆ ఏడాది ప్రచురణ సంస్థ ఎడిటరు ఒక పెద్ద నౌకను అప్పజెప్పాడు. తరాల తరబడి ప్రయాణం చేసే నౌక. ముత్తాత ఎక్కితే మునిమనవడు దిగుతాడు. అతను గీసి తీసుకెళ్ళిన మొదటి బొమ్మను ఎడిటరు కళ్ళద్దాలు పైకి నెట్టుకుని చూశాడు.

"గొట్టాలు బ్రహ్మాండంగా ఉన్నాయండీ. మనుషులేరీ? ఇది నౌకా, తాళం వేసిన ఇల్లా?"

"మనుషుల్ని గీయడం నాకు అంతగా..."

"నేర్చుకోండి. చదివేవాడు ముందు గొట్టాన్ని చూడడు, మనిషిని చూస్తాడు."

కొత్తవాళ్ళను ఊహించడం అతనికి చేతకాలేదు. తెలిసినవాళ్ళనే నౌక ఎక్కించాడు. భార్యను దారి చూసే గదిలో మీటల ముందు కూర్చోబెట్టాడు, జుట్టు ముడి అలాగే ఉంచి. కూతుర్ని మొక్కలు పెంచే గదిలో పెట్టాడు. మామగారు భోజనాల గదిలో ఇంజనీరుతో వాదిస్తున్నాడు, పొట్టతో సహా. వీధిలో ఇస్త్రీ చేసే మనిషీ, పేపరు వేసే మీసాలాయనా, పాల డిపో ఆవిడా, ఎదురింటి దర్జీ, అందరికీ తలా ఒక గది దొరికింది. పక్కింటి పిల్లి కూడా ఒక పైపు మీద పడుకుంది.

అయితే మనిషి వంగినప్పుడు వీపు ఎలా వంపు తిరుగుతుందో, చెయ్యెత్తితే భుజం ఎటు పోతుందో ఎవరినైనా ఎదురుగా నిలబెట్టుకుంటే తప్ప అతనికి తెలిసేది కాదు. భార్యకు తీరదు. కూతురు ఒక్కచోట నిలబడదు. సాయంత్రం కౌంటరు మూసి వచ్చాక అక్క నిలబడేది.

"మోకాలు వంచక్కా. ఇంకొంచెం. ఆ గరిటె పట్టుకో, పానా అనుకో."

"ఈ వయసులో నన్ను ఇంజన్లో దూరమంటావేంట్రా?"

"కదలకు."

"కదలకపోతే పప్పు మాడిపోతుంది. నీ నౌకలో పెడతావా మాడిన పప్పు?"

ఇలా ఆ చలికాలమంతా అక్క వంగింది, లేచింది, నిచ్చెన ఎక్కినట్టు కుర్చీ ఎక్కింది, మీటలు తిప్పినట్టు రేడియో బటన్లు తిప్పింది. గ్రంథాలయంలో అందరితో చెప్పుకుంది కూడా. "మా తమ్ముడు మమ్మల్నందర్నీ అంతరిక్షంలోకి పంపిస్తున్నాడు. పుస్తకం రానీండి, చూపిస్తా."

పుస్తకం వచ్చింది. భోజనాల బల్ల మీద మడత విప్పారు. మామగారి భూతద్దం చేతులు మారింది.

"నాన్నా, ఇది నేనే! జడలు చూడు, జడలు!" అని కూతురు గంతులేసింది.

"ఏమయ్యా అల్లుడూ, నాకు మరీ అంత పొట్ట ఉందా?" అన్నాడు మామగారు.

"అద్దంలో చూసుకోలేదా నాన్నా? నీ అల్లుడు కొంచెం తగ్గించే గీశారు" అంది భార్య. తను మీటల ముందు కూర్చున్నందుకు లోపల మురిసిపోతోందని ముఖంలోనే తెలుస్తోంది.

అందరి వెనక నిలబడి చేతులు తుడుచుకుంటూ అక్క అడిగింది. "నేనెక్కడున్నానురా?"

అప్పుడు తెలిసింది అతనికి. నౌక ముందు నుంచి వెనక దాకా ప్రతి గదీ అతని కళ్ళముందు గిర్రున తిరిగింది. ప్రతి మనిషీ ఎవరో అతనికి తెలుసు. అక్క లేదు. ఆమెను పెట్టాలన్న ఆలోచనే తనకు రాలేదు. ఒద్దనుకుని మానేస్తే అదొక తీరు. అసలు గుర్తే రాలేదు.

మర్చిపోయానక్కా అనడానికి నోరు పెగల్లేదు. "వెతుకక్కా. అన్నీ నేనే చెప్పేస్తే మజా ఏముంది?" అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వు తనకే వికారంగా తోచింది.

అక్క వెతకడం మొదలుపెట్టింది. పొద్దున టీ తాగుతూ ఒక గది, సాయంత్రం కూరలు తరుగుతూ ఒక గది. పుస్తకానికి ప్లాస్టిక్ కవరు తొడిగి గ్రంథాలయానికి పట్టుకెళ్ళింది. అక్కడ అటెండరమ్మా, స్వీపరూ, గడియారం చూసుకుంటూ వచ్చే పాఠకులూ కూడా వెతికారట.

"ఆ నీళ్ళ తొట్టి దగ్గర బకెట్టు పట్టుకున్నది నేనేనా?" అని ఒకరోజు అడిగింది.

"అత్తా, దానికి మీసాలున్నాయి!" అని కూతురు పడీపడీ నవ్వింది. "అది పేపరాయన."

"మరి మంచం సర్దుతున్నది?"

"అది పాల డిపో ఆవిడ. ఆవిడ అప్పుడే చూసుకుని వెళ్ళింది కూడా."

అతను ఆ మాటలు వింటూ కాగితంలో తల దూర్చుకున్నాడు. ఎవరో ఒకరిని చూపించి ఇదే నువ్వు అని అబద్ధమాడదామన్నా ఖాళీ మనిషి మిగల్లేదు. వీధి వీధంతా వచ్చి ఎవరి బొమ్మ వాళ్ళు చూసుకుని పోయారు. అక్క భూతద్దం పట్టుకుని వంగినప్పుడల్లా అతనికి వీపు మీద ఎవరో వాత పెడుతున్నట్టుండేది. టీ తాగడానికి కూడా పక్క గదిలోకి వెళ్ళిపోయేవాడు.

భార్యకు అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. బట్టలు మడతపెడుతూ గొంతు తగ్గించి అడిగింది. "వదినను పెట్టలేదు కదూ?"

అతను ఆమె మడతపెట్టిన చొక్కాను విప్పి మళ్ళీ మడతపెట్టాడు.

"పక్కింటి పిల్లికి చోటు దొరికింది."

"మర్చిపోయాను."

"చలికాలమంతా ఎదురుగా నిలబెట్టుకుని మర్చిపోయారా?"

"అందరికీ నిలబడింది ఆమే కదా. ఆ లెక్కన చూస్తే అందరూ ఆమే."

"బాగుంది. ఆ మాట ఆవిడతోనే అనండి చూద్దాం. తెలీని చోట రేకు కప్పేసినట్టు కాదు ఇది."

అతనికి చచ్చినంత సిగ్గేసింది. సిగ్గుతోనే లేచి అక్క గది గుమ్మం దాకా వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు చెప్పేయాలనే వెళ్ళాడు. అలికిడి విని అక్క లోపల్నుంచే అంది. "దొరికానులేరా!"

"ఆఁ?"

"దొరికాను. బాగానే దాచావు. కళ్ళు పోయాయనుకో."

ఎక్కడ దొరికావు అని అడగాలి. అడగలేదు. ఎవరిని చూసి తననుకుందో ఏమో, అనుకోనీ అనుకున్నాడు. అమ్మయ్య అనుకున్నాడు కూడా. తర్వాత చాలాకాలం అతను సిగ్గుపడింది మర్చిపోయినందుకు కాదు, ఆ క్షణంలో అమ్మయ్య అనుకున్నందుకు.

ఆ వారంలోనే గ్రంథాలయం అటెండరమ్మ కూరగాయల దుకాణం దగ్గర ఎదురైంది. గలగల మాట్లాడే మనిషి. "ఏం మాస్టారూ, అక్కను గుమ్మం దగ్గర నిలబెట్టారటగా? మా అందరికీ చూపించింది" అంది. తర్వాత ఏదో అనబోయి, అతని ముఖంలోకి ఒకసారి చూసి, వంకాయలు ఏరుకోవడంలో పడిపోయింది. అంత గలగల మనిషి ఎందుకు ఆగిపోయిందో అతనికి అంతుపట్టలేదు.

పుస్తకం బాగా అమ్ముడుపోయింది. మళ్ళీ అచ్చు వేస్తున్నామనీ, తప్పులేమైనా ఉంటే దిద్ది ఉంచమనీ, ఆదివారం తనే ఇంటికి వచ్చి తీసుకెళతాననీ ఎడిటరు కబురు పెట్టాడు. అతనికి ప్రాణం లేచొచ్చింది. అక్కను ఇప్పుడు ఎక్కించేయొచ్చు. ఎవరికీ తెలియకుండా, మొదటినుంచీ ఉన్నట్టే.

ఆదివారం పొద్దున్నే కాగితం ముందేసుకుని కూర్చున్నాడు. ఇంట్లో ఎవరూ లేరు. భార్య షాపుకెళ్ళింది, మామగారు మనవరాల్ని తీసుకుని పార్కుకెళ్ళాడు, అక్క బజారుకెళ్ళింది. ఏ గదిలో పెట్టాలి? వంటగదా? అక్కడైతే అందరూ పెడతారు. ఇంజను గదా? ఆమెకేం తెలుసు ఇంజను గురించి? అసలు ఆమెకు ఏమిష్టం? పని లేనప్పుడు ఏం చేస్తుంది? పని లేకుండా ఆమెను ఎప్పుడు చూశాడు? పోనీ ముఖమైనా గీద్దామని పెన్సిల్ తీశాడు. వీపు తెలుసు. ఎత్తిన భుజం తెలుసు, వంగిన మోకాలు తెలుసు. చేతివేళ్ళు కళ్ళు మూసుకుని గీయగలడు. ముఖం దగ్గరికి వచ్చేసరికి పెన్సిల్ ఆగిపోయింది. కనుబొమలు కలుస్తాయా, విడిగా ఉంటాయా? పంపులో చక్రానికి ఎన్ని రెక్కలో ఇప్పటికీ చెప్పగలిగినవాడికి అది గుర్తు రాలేదు.

ముందు చోటైనా చూద్దామనుకున్నాడు. ఇంట్లో ఉన్న పుస్తకం అక్క దగ్గరిదొక్కటే. ఆమె గదిలోకి వెళ్ళి, దిండు పక్కన ప్లాస్టిక్ కవర్లో ఉన్న పుస్తకం తెచ్చి బల్ల మీద విప్పాడు.

నౌకలోకి ఎక్కే గుమ్మం పక్కన అతను పైరేకు తీయకుండా కావాలనే తెల్లగా వదిలిన చోటొకటి ఉంది. అక్కడ నీలం బాల్‌పెన్నుతో ఎవరో ఒక మనిషిని గీశారు.

తల గుండ్రంగా ఉంది. మెడ లేదు. జుట్టు ముడి చెవి మీదికి జారింది. చేతులు రెండూ ఒకే పొడుగు లేవు. పొడుగు చేతిలో ఒక సంచి ఉంది. గుమ్మం కన్నా మనిషే ఎత్తు, ఆ తలుపులోంచి ఎప్పటికీ పట్టదు. కాలు ఒకసారి తప్పిపోతే తడి వేలితో రుద్ది చెరపబోయినట్టుంది, కాగితం అక్కడ నూగు లేచింది. ముఖంలో నవ్వొకటి వంకరగా ఉంది.

ఈ బొమ్మనే అక్క గ్రంథాలయంలో అందరికీ చూపించింది. మా తమ్ముడు నన్ను ఇక్కడ నిలబెట్టాడు అని. చూసినవాళ్ళలో ఒక్కరు కూడా నమ్మి ఉండరు. ఆ సన్నటి నల్ల గీతల మధ్య ఈ నీలం గీత ఎవరిదో చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది. అందరూ చూశారు, అందరూ అర్థం చేసుకున్నారు, అందరూ బాగుందన్నారు. అటెండరమ్మ వంకాయలు ఎందుకు ఏరుకుందో అతనికి ఇప్పుడు తెలిసింది. తమ్ముడి పరువు కాపాడడానికి అక్క తన పరువు తీసుకుంది. పుస్తకం మూయడానికి కూడా చేతులు రాలేదు.

అలా ఎంతసేపు కూర్చున్నాడో. వీధి తలుపు దగ్గర "ఉన్నారా?" అంటూ ఎడిటరు లోపలికి వచ్చేశాడు. వెనకే కూరల సంచితో అక్క.

"ఏవండీ, దిద్దుబాట్లు ఏమైనా..." అంటూనే ఎడిటరు బల్ల మీదికి వంగాడు. అతని కన్ను మొట్టమొదట ఎక్కడ పడాలో అక్కడే పడింది. "ఇదెవరండీ? పాప గీసిందా? పుస్తకాలు పాడుచేస్తే నాలుగు తగిలించాలి" అని నవ్వాడు.

అక్క గుమ్మంలోనే ఆగిపోయింది. ముఖం పాలిపోయింది.

"నేనే గీశాను" అన్నాడు అతను.

"మీరా?"

"నేనే."

"బాల్‌పెన్నుతోనా? కొలతేదండీ? తలుపుకన్నా ఎత్తుంది మనిషి!"

"అవును. తప్పే. గీసేటప్పుడు అక్కను మర్చిపోయాను. తర్వాత గుర్తొచ్చి అక్కడ పెట్టాను. కుదరలేదు."

ఎడిటరు అతన్ని చూశాడు. గుమ్మంలో ఉన్న ఆమెను చూశాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "సరే, సరే. హడావుడేం లేదు. రేపు సాయంత్రంలోగా శుభ్రంగా గీసి పంపండి. నేను మళ్ళీ వస్తాను" అని, కూర్చోకుండానే వెళ్ళిపోయాడు.

అక్క సంచి కింద పెట్టింది. చాలాసేపు దానిలోంచి ఒక్కొక్క కూరా తీసి నేల మీద పేర్చింది.

"ఎందుకురా ఆ మాటన్నావు? నీ చెయ్యి కాదని ఆయనకు తెలీదా? ఇన్నేళ్ళుగా నీ బొమ్మలు చూస్తున్న మనిషి. నీ పరువేమైంది?"

"మర్చిపోయానక్కా" అన్నాడు. ఇప్పటిదాకా పెగలని మాట ఇప్పుడు వచ్చింది.

"తెలుసు."

"ఎప్పుడు తెలిసింది?"

"మొదటిరోజే. నీ మొహం నాకు తెలీదూ? చిన్నప్పుడు పలక పగలగొట్టి వచ్చినప్పుడూ ఇదే నవ్వు నవ్వావు."

"తెలిసి మరి అన్నాళ్ళు ఎందుకు వెతికావు?"

అక్క ఒక టమాటాను అటూ ఇటూ తిప్పి చూసింది. "ఏమో. ఒకవేళ ఉన్నానేమోనని."

అతనికి తల కొట్టేసినట్టయింది. నేల వైపు చూస్తూ, అనకూడదని తెలిసి కూడా, ఆ పాత సాకునే బయటికి తీశాడు. "అందరికీ నువ్వే నిలబడ్డావు కదక్కా. ఒక రకంగా అందరూ నువ్వే."

"ఓహో. అయితే నీ పెళ్ళానికి నా నడుమూ, పేపరాయనకు నా మోకాళ్ళూ ఇచ్చావన్నమాట. మరి నాకేం మిగిల్చావురా?" అంది. నవ్వబోయింది. నవ్వు మధ్యలో తెగిపోయింది. "మర్చిపోతే మర్చిపోయావు. మనుషులు మర్చిపోతారు. వెతుకు అన్నావు చూడు, అది... అక్కడ అందరితో చెప్పుకున్నాన్రా నేను. అడిగితే ఏం చెప్పను? మా తమ్ముడికి నేను గుర్తులేనని చెప్పనా?"

బల్ల మీద పుస్తకం విప్పే ఉంది. ఆ నీలం మనిషి వంకరగా నవ్వుతూనే ఉంది. అతను ఒక తెల్ల కాగితం పరిచి, నాలుగు మూలలా బరువులు పెట్టాడు.

"కూర్చోక్కా" అన్నాడు.

అక్క అలవాటు ప్రకారం లేచి గరిటె అందుకుంది. "వంగనా? చెయ్యెత్తనా? ఎవరికి?"

"ఎవరికీ కాదు. నీకే. అది అక్కడ పెట్టెయ్. ఊరికే కూర్చో."

"ఊరికే అంటే?"

"ఊరికే. ఇటు తిరిగి."

అక్క గరిటె పెట్టి కుర్చీలో కూర్చుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియలేదు. ఒళ్ళో పెట్టుకుంది, తీసేసింది, మళ్ళీ పెట్టుకుంది. తర్వాత ముఖం ఎత్తి నేరుగా అతని వైపు చూసింది.

చూడాల్సింది ఇప్పుడే. కనుబొమలు కలుస్తాయో లేదో ఇప్పుడే చూసుకోవాలి. అతను తల వంచుకుని, అప్పటికే మొన తేలి ఉన్న పెన్సిల్‌ను మళ్ళీ చెక్కడం మొదలుపెట్టాడు.